ఎవరూ మీటని గాంధారం

ఆ వేసవిలో మా ఇంట్లో మొదట నింద మోసింది ఏసీ.

"ఈ గాలికి చెక్క ఎండిపోతోంది అరుంధతీ. తంబురాకి జీవం పోయింది," అన్నారు మా ఆయన జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున, తంబురా ఒళ్ళో పెట్టుకుని. అని ఊరుకోలేదు. హాల్లో ఏసీ కట్టేసి, బకెట్లో నీళ్ళు పోసి, తడి తువ్వాలు తెచ్చి కిటికీకి ఆరేశారు. బయట నలభై అయిదు డిగ్రీలు. సంగీతం నేర్చుకోవడానికొచ్చిన పిల్లలు చెమటలు కక్కుతూ సరళీ స్వరాలు పాడారు.

ఈ ఎడారి దేశపు నగరంలో మాది మెసైమీర్ పేటలో రెండు గదుల ఫ్లాట్. మా ఆయన సుధాకరరావు దూరంగా దుఖాన్ చమురు క్షేత్రంలో కంప్రెసర్ల దగ్గర ఇంజనీరు. ఆదివారం తెల్లారకుండానే వెళ్తే అక్కడే కంపెనీ క్వార్టర్స్‌లో ఉండి గురువారం సాయంత్రం వస్తారు. నేను హాల్లో తివాచీ పరిచి తెలుగు పిల్లలకు పాట చెప్తాను. వారమంతా ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని నెట్టుకొచ్చినా, శుక్రవారం మాత్రం తంబురా దిగాల్సిందే. అది మా గురువుగారిది, బొబ్బిలిలో చేయించింది. పాడేది నేను, శ్రుతి చేసేది ఆయన. పెళ్ళైన నాటి నుంచీ అదే ఏర్పాటు. ఆయనకు పాట రాదు. కూనిరాగం తీస్తే మా అమ్మాయి మనీషా గది తలుపు వేసుకుంటుంది. కానీ ఆ చెవి వేరు. "పాట నీది, చెవి అతనిది. ఇద్దరూ కలిస్తే ఒక విద్వాంసుడు," అని మా గురువుగారు నవ్వేవారు.

తంబురాకు నాలుగే తీగలు. పంచమం, రెండు షడ్జాలు, ఒక మంద్రషడ్జం. గాంధారానికి తీగ లేదు. కానీ బ్రిడ్జి మీద తీగ కింద సన్నని నూలుపోగు పెట్టి అటూ ఇటూ జరుపుతూ పోతే, ఒక చోట తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. అప్పుడు ఎవరూ మీటని గాంధారం పైన తేలుతుంది. స్వయంభూ గాంధారం అంటాం. అది వినిపించేదాకా ఆయన నన్ను నోరు తెరవనిచ్చేవారు కాదు. నేను పాడుతున్నప్పుడు కళ్ళు మూసుకుని వింటూ, నా గాంధారం దగ్గర మాత్రం ఒక కన్ను తెరిచేవారు.

"వెంట్రుకవాసి తగ్గింది."

ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండేది. కానీ ఆయన ఒక్కసారి కూడా పొరపడలేదు.

అందుకే ఆ జూన్‌లో నేను నా చెవిని నమ్మలేదు. మొదటి వారం తంబురా నాకు బాగానే ఉంది. గాంధారం పలుకుతూనే ఉంది.

"నాకు వినిపిస్తోందండీ," అన్నాను.

"అలవాటు కొద్దీ వినిపిస్తోంది నీకు. ఉన్నట్టు అనిపిస్తోందంతే."

అయ్యుండొచ్చు అనుకున్నాను. మా ఇంట్లో ఆయన చెవి మాటకు అప్పీలు లేదు. ఆయన తీగలు మార్చారు. నూలుపోగు మార్చి పట్టుపోగు పెట్టారు. చివరికి సన్నరకం గరుకు కాగితం కొనుక్కొచ్చి బ్రిడ్జి అరగదీయడం మొదలుపెట్టారు. వారం వారం కాస్త కాస్త. నిజంగా గాంధారం పోయింది అప్పుడే. తీగ బ్రిడ్జిని తగిలి బొంగురుగా గరగరమనేది. ఆయన తల పంకించి, "చూశావా, నేను చెప్పలేదూ," అని ఇంకాస్త గీకేవారు. నేను పక్కన కూర్చుని కాగితం ముక్కలు చించి ఇచ్చేదాన్ని.

కుక్కర్ కూడా ఆ రోజుల్లోనే పాడైంది. నేను స్నానానికి వెళ్తూ, మూడు కూతలు రాగానే స్టవ్ ఆపమని చెప్తే, వచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ. "అది కూయలేదు," అన్నారు ఆయన, పేపరు మీంచి తల ఎత్తకుండా. వెయిట్ మార్చారు, రబ్బరు మార్చారు. అయినా పప్పు మాడింది. ఈసారి కుక్కరే కొత్తది కొనుక్కొచ్చారు.

సెలవుల్లో మనీషా జూడోలో చేరింది. పాట నేర్పుతానంటే ఆ పిల్ల నా దగ్గర్నుంచి పారిపోతుంది. ఇంటికి రెండు వీధుల అవతల స్పోర్ట్స్ క్లబ్బులో వేసవి క్యాంపు. కోచ్ పేరు ఓచిర్. మంగోలియా మనిషి. తలుపంత వెడల్పుంటాడు.

"అమ్మా, మా కోచ్ గొంతులో ఇద్దరున్నారు," అంది మనీషా ఒకరోజు, చెప్పులు విప్పుతూ.

"ఒకళ్ళు తిట్టడానికి, ఒకళ్ళు మెచ్చుకోవడానికా?"

"జోక్ కాదమ్మా. ఒకళ్ళు కింద పాడతారు. ఒకళ్ళు పైన ఈల వేస్తారు. ఒకేసారి."

మర్నాడు పిల్లని తీసుకురావడానికి కాస్త ముందుగా వెళ్ళాను. పిల్లలు బట్టలు మార్చుకుంటున్నారు. ఓచిర్ మ్యాట్లు మడిచి గోడకు ఆనిస్తూ కూనిరాగం తీస్తున్నాడు. గొంతు బిగబట్టిన మంద్రస్వరం, ఇసుమంత కదలిక లేదు. దాని మీద, ఎక్కడో పైన, పల్చని ఈల ఒకటి మెట్టు మెట్టుగా దిగి ఎక్కుతోంది. ఈల వేస్తున్నదెవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఈల పంచమం మీద ఆగి, గాంధారానికి దిగింది. తంబురాలో ఎవరూ మీటకుండా పుట్టే ఆ గాంధారమే.

దాన్ని ఖోమీ అంటారట. వాళ్ళ భాషలో గొంతుకని చెప్పే మాటే. ఓచిర్ ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కానీ చెప్పాల్సింది తిన్నగా చెప్తాడు.

"మా ఊరు చాంద్‌మాన్. పక్కన కొండ, కింద సరస్సు. గాలి కొండలోంచి వస్తూ పాడుతుంది. మావాళ్ళు దాన్ని విని నేర్చుకున్నారంటారు. నాకు మా మామయ్య నేర్పాడు. గాలికి ఎదురు నిలబెట్టేవాడు. కుస్తీ పట్టేవాడికి తొందరగా వస్తుంది మేడమ్. కడుపులో బలం ఉండాలి."

"ఆ పై స్వరం ఎక్కణ్నుంచి తెస్తారు?"

"తేవడమేమీ లేదు. కింది స్వరంలోనే అన్నీ ఉన్నాయి. బరువెత్తేటప్పుడు బిగిసినట్టు గొంతు బిగించాలి. స్వరం కదలకూడదు. నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి, మధ్యభాగాన్ని మెల్లగా జరపాలి. నోట్లో గది చిన్నదైతే పై స్వరం, పెద్దదైతే కింది స్వరం. ఉన్నదానికి తలుపు తీస్తాను, అంతే."

నాకు సంతోషం ఆగలేదు. తంబురా మీద బెంగతో ఇంట్లో మొహం వేలాడేసుకుని తిరుగుతున్న మనిషికి, స్వయంభూ గాంధారాన్ని గొంతులో పెట్టుకు తిరిగే మనిషిని చూపించబోతున్నాను. దుఖాన్‌కు ఫోన్ చేశాను. చెప్పిందే మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. సిగ్నల్ సరిగా లేదన్నారు.

"శుక్రవారం భోజనానికి పిలిచాను," అని గట్టిగా అరిచి చెప్పాను.

శుక్రవారం పాఠం అయ్యాక పిల్లలు వెళ్ళిపోయారు. సుమలత మాత్రం కూతుర్ని పెట్టుకుని ఆగింది. వాళ్ళది జగిత్యాల వైపు, భర్త లుసైల్‌లో సైట్ ఇంఛార్జి. గొంతులో ఇద్దరున్న మనిషిని చూడకుండా పోనని కూర్చుంది.

పులిహోర వాసన వస్తున్నా ఓచిర్ ముందు తిననన్నాడు. కడుపు నిండితే ఖోమీ పాడకూడదట, కళ్ళు తిరుగుతాయట. తివాచీ మీద కూర్చుని, మా ఆయన మీటుతున్న తంబురాని కాసేపు విన్నాడు. "దీనికి దెబ్బ తగిలిందా?" అని మెల్లగా అడిగాడు. మా ఆయన నావైపు చూసి, విన్నావా అన్నట్టు తల ఊపారు.

ఓచిర్ తంబురా షడ్జం పట్టుకుని మొదలుపెట్టాడు. ముందు మంద్రం. తర్వాత పెదవులు కాస్త ముందుకొచ్చాయి, మెడలో నరాలు లేచాయి, ఈల విచ్చుకుంది. హాలు చిన్నది కదా, ఈల గోడ గోడకూ తగిలింది. సుమలత కూతురు తలెత్తి పైకప్పు వైపు చూసింది. మనీషా నా ప్రతిభ చూడండి అన్నట్టు అందరి మొహాలూ చూస్తోంది. మా ఆయన కళ్ళు మూసుకుని, చేత్తో మోకాలి మీద నెమ్మదిగా తడుతూ విన్నారు.

పాట అయ్యాక కళ్ళు తెరిచి, ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా అన్నారు. "అద్భుతమైన మంద్రం. ఇంత నిలకడ నేనెక్కడా వినలేదు. ఆ రెండో గొంతు ఎప్పుడు మొదలుపెడతారు?"

సుమలత పకపకా నవ్వింది. "మస్తు జోకులేస్తరు సార్ మీరు. గింతసేపు పిట్ట లెక్క కూసిందంత ఏంది మరి?"

ఆయన కూడా నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది.

ఓచిర్ మోకాళ్ళ మీద జరిగి దగ్గరికొచ్చి, మళ్ళీ ఊపిరి పీల్చి, ఈలని ఒకే చోట నిలబెట్టాడు. గాంధారం. చెవులు గింగిర్లెత్తేంత గాంధారం. మా ఆయన అతని నోటికేసి చూశారు. తర్వాత మనీషా మొహం చూశారు. పైకప్పుకేసి వేలు చూపిస్తున్న సుమలత కూతుర్ని చూశారు. చివరికి నన్ను చూశారు.

"ఆ, అదా. వినిపించింది, వినిపించింది," అన్నారు. "భోజనాలు వడ్డించు అరుంధతీ."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఆయన మంచినీళ్ళ గ్లాసుల కోసం నా వెనకే వచ్చారు. స్టవ్ మీద కొత్త కుక్కర్ ఆయన వీపు వెనకే కూత పెట్టింది. ఆయన గ్లాసులు సర్దుకుంటూనే ఉన్నారు. నేను వెళ్ళి స్టవ్ ఆపాను.

వాళ్ళు వెళ్ళాక ఆయన తంబురాకు గవిసెన తొడిగి, జిప్పు పైదాకా లాగి, బీరువా పక్కన నిలబెట్టారు. గరుకు కాగితం చెత్తబుట్టలో వేశారు. ఏసీ వేసుకోమని చెప్పి పడుకున్నారు.

క్లినిక్‌లో చెవులు పరీక్ష చేసే అమ్మాయి పేరు యుస్రా. నెమ్మదస్తురాలు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపిస్తే మీట నొక్కమంది. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. కింది శబ్దాలకు ఆయన టకటకా నొక్కారు. తర్వాత వేలు నొక్కకుండా మీట మీద అలాగే ఉండిపోయింది. పరీక్ష అయిపోయిందనుకుని మా వైపు చూశారు. అవ్వలేదు. యుస్రా ఇవతల్నుంచి శబ్దాలు పంపుతూనే ఉంది.

"పై భాగమంతా పోయింది. ఎడమవైపు మరీ ఎక్కువ," అంది యుస్రా. వయసా, చప్పుడా, వంశంలో ఉన్నదా, ఖచ్చితంగా చెప్పలేనంది. "తెలిసినా చేసేది ఒక్కటే సార్. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడం."

అక్కడే చెవులకి వినికిడి మెషిన్లు పెట్టి చూశారు. ఆయనకు నా చీర రెపరెప వినిపించింది. తలుపు కిర్రుమనడం వినిపించింది. ఇంటికొచ్చి గవిసెన విప్పి తంబురా మీటారు. ఒక్కసారి. మెషిన్లు తీసి డబ్బాలో పెట్టారు.

"ఎలా ఉందండీ?"

"రేకు డబ్బా."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక మనీషా మీద అరిచాను, ఫోన్ ఎక్కడ పడితే అక్కడ పెడుతోందని. ఆ పిల్ల ఎదురు చెప్పకుండా వెళ్ళి ఫోన్ తెచ్చుకుంది. దసరాకి పాడమని తెలుగు అసోసియేషన్ వాళ్ళు ఫోన్ చేస్తే కుదరదన్నాను. ఆయన మాటలు వినడానికి మాత్రం మెషిన్లు పెట్టుకునేవారు, మాటలు బాగానే వినిపిస్తున్నాయనేవారు. నేను వంటింట్లో కూనిరాగం తీసి, నా గాంధారం దగ్గర ఆగి, ఎవరైనా కన్ను తెరుస్తారేమోనని చూసేదాన్ని. అది తగ్గిందో లేదో నాకు తెలిసేది కాదు. ఇన్నేళ్ళూ నేను చెవి లేకుండానే పాడానని అప్పుడర్థమైంది.

ఆగస్టులో ఒక శుక్రవారం ఆయన అన్నారు. "నన్ను ఆ ఓచిర్ దగ్గరికి తీసుకెళ్తావా?"

క్లబ్బులో ఎవరూ లేరు. మ్యాట్ల మీద ఇద్దరూ ఎదురెదురుగా బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. ఆయన తన చెవుల్లోని మెషిన్లు చూపించారు.

"నాకు పాట రాదు. మీ పై స్వరం వినపడదు. నేర్పగలరా?"

ఓచిర్ ఆ మెషిన్లకేసి చూశాడు. "మా మామయ్యకు ముసలితనంలో వినపడేది కాదు," అన్నాడు. "అయినా పాడేవాడు. పై స్వరం నిలిస్తే ఇక్కడ తెలుస్తుందనేవాడు." కనుబొమల మధ్య వేలితో నొక్కి చూపించాడు. "కానీ ఆయనకు వచ్చాక వినపడటం పోయింది. మీకు వినపడటం పోయాక రావాలి. నేనెప్పుడూ అలా నేర్పలేదు."

"ప్రయత్నిద్దాం."

"అయితే ఇంకొకరి చెవి కావాలి. పై స్వరం వచ్చిన క్షణం మీకు చెప్పాలి. అప్పుడు నాలుక అక్కడే ఆపాలి."

ఇద్దరూ నావైపు తిరిగారు. నోటితో చెప్తే ఆలస్యం, గొంతు బిగించి పాడుతుంటే ఆయనకు వినపడనూ పడదు. అందుకని వేలు ఎత్తడం అని ఏర్పాటు చేసుకున్నాం. ఈల వస్తే నేను వేలెత్తాలి. ఉన్నంతసేపూ ఎత్తే ఉంచాలి. పోతే దించాలి.

"మొహమాటపడి ఎత్తకు," అన్నారు ఆయన. "నేను నీ దగ్గర ఎప్పుడూ మొహమాటపడలేదు."

అదీ నిజమే.

ఇక చూడండి మా ఇంటి సంగీతం. గొంతు బిగించి ఆయన తీసే నాదానికి పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు తట్టి, సార్‌కి ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. దగ్గు, కళ్ళలో నీళ్ళు, మెడ ఎర్రబడటం. నేను ఎదురుగా, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. మనీషా కూడా పక్కన చేరి తన వేలు సిద్ధంగా పెట్టుకునేది. ఆయన నాలుక జరుపుతూ, జరుపుతూ, నా చెయ్యే చూసేవారు. ఈల రాలేదు. ఒకట్రెండుసార్లు ఒక్క లిప్తపాటు పల్చగా మెరిసింది. నేను వేలెత్తేలోపే నాలుక దాన్ని దాటి వెళ్ళిపోయింది. ఆయనకు తెలియదు. చేతికి అందిన దాన్ని తన నోటితో తనే తోసేసుకుని, దానికోసమే వెతుకుతూ వెళ్ళేవారు. నేను చూస్తూ కూర్చోవడం తప్ప ఏమీ చెయ్యలేకపోయేదాన్ని. నా చెవి తీసి పెట్టగలిగితే పెట్టేదాన్ని.

ఒకసారి ఉత్తరపు గాలి విపరీతంగా వీచింది. గాలికి ఎదురు నిలబడి నేర్చుకున్నానని ఓచిర్ అన్నాడు కదా, ఆయన మమ్మల్ని దుఖాన్ దగ్గర సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళారు. సాయంత్రం. గాలిలో ఇసుక. ఆయన కళ్ళజోడు తీసి నాకిచ్చి, నీళ్ళ అంచున నిలబడి పాడారు. గాలికి నాకే ఏమీ వినపడలేదు. ఆయన నావైపు తిరిగి చూసినప్పుడల్లా నా చెయ్యి కిందనే ఉంది. కార్లో కూర్చుని నేను ఏడ్చాను. మనీషా టిష్యూ పేపర్ ఇచ్చి, "ఇసుక పడిందని చెప్పు," అంది.

సెప్టెంబరులో బళ్ళు తెరిచారు. క్యాంపు అయిపోయింది. ఓచిర్ శనివారం తన దేశానికి ప్రయాణం. ముందు రోజు మా ఇంటికి వచ్చాడు. భోజనానికి ముందు ఒకసారి పాడమన్నాడు మా ఆయన్ని. పాడాకే తింటానన్నాడు.

ఆయన తివాచీ మీద కూర్చున్నారు. మెషిన్లు టీపాయ్ మీద పెట్టారు. గొంతు బిగించి షడ్జం పట్టుకున్నారు. అన్ని వారాల తర్వాత ఆ షడ్జం మాత్రం కదలకుండా నిలబడుతోంది. నాలుక పైకి ఆనించారు. మెల్లగా, మునుపటికంటే చాలా మెల్లగా జరిపారు.

ఈల వచ్చింది.

సన్నగా, వణుకుతూ, కానీ ఖచ్చితంగా. నా వేలు లేచింది. మనీషా వేలూ లేచింది. ఆయన నాలుక అక్కడే ఆగింది. ఈల గాంధారం మీద నిలబడింది. ఊపిరి అయిపోయేదాకా అది అలాగే ఉంది. ఊపిరి ఆగాక మేము వేళ్ళు దించాం.

"ఉందా?" అన్నారు ఆయన. గొంతు బొంగురుపోయింది.

"ఉంది," అన్నాను గట్టిగా.

"గాంధారమేనా?"

"గాంధారమే."

"తగ్గిందా?"

ఆ ప్రశ్న నేను ఆయన నోట ఎన్నడూ వినలేదు. "వెంట్రుకవాసి కూడా తగ్గలేదండీ," అన్నాను. అది నిజమే. ఆయన కనుబొమల మధ్య వేలితో తడుముకున్నారు.

"ఇక్కడ ఏమైనా తెలిసిందా సార్?" ఓచిర్ అడిగాడు. మనీషా ఆ మాటని ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది.

"లేదు," అన్నారు. తర్వాత నావైపు తిరిగారు. "ఇంకోసారి పాడతాను. చూస్తూ ఉండు."

మళ్ళీ ఊపిరి పీల్చారు. షడ్జం. నాలుక. ఈల మళ్ళీ వచ్చింది, నా వేలు మళ్ళీ లేచింది. ఆయన కళ్ళు నా వేలి మీదే ఉన్నాయి. మొహంలో ఏదో విప్పారింది. పాతరోజుల్లో తంబురా తీగ విచ్చుకున్నప్పుడు ఉండే మొహం. నేను ఆ మొహం చూస్తుండగానే ఈల సన్నబడింది. తెగింది. పోయింది.

కింద ఉత్త షడ్జం ఒక్కటే మోగుతోంది. ఓచిర్ నావైపు చూశాడు. మనీషా వేలు దించేసింది.

నా వేలు దిగలేదు.

ఆయన మనీషా చెయ్యి చూశారు. నా చెయ్యి చూశారు. ఒక్క క్షణం ఆపేస్తారేమో అనుకున్నాను. ఆపలేదు. నా వేలినే చూస్తూ, ఊపిరి ఉన్నంతసేపూ పాడారు.